మా మనవడి పేరు – దాని వెనుకనున్న చరిత్ర



ప్రతి ఏడూ ఈ సంచికకు ఏదో ఒక చరిత్ర విషయం వ్రాయమని మన కార్యదర్శిగారు అడగడం, నేను ఏదో ఒకటి వ్రాసి పంపడం ఆనవాయితీగా వస్తున్నది. ఈసారి విషయం వెతుక్కుంటూ నేను గ్రంథాలయానికి పోనక్కరలేకపోయింది. అదే మా ఇంటికి నడిచివచ్చింది. ఇంటిల్లిపాదినీ ఆరు రోజులపాటు నిద్రపోనివ్వలేదు. ఆ సంగతే మీ ముందు పెడుతున్నాను.

హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటున్న మా అబ్బాయికి మగబిడ్డ కలిగాడు. కబురు అందగానే నేనూ మా ఆవిడా రైలెక్కాము. వియ్యంకుడుగారూ వియ్యపురాలూ అప్పటికే అక్కడున్నారు. చెవిలో అజాన్ చెప్పించడం అయింది. ఏడో రోజున అఖీఖా చెయ్యాలనీ, పుట్టువెంట్రుకలు తీయించి ఆ ఎత్తు వెండి ఖరీదు పేదలకు దానమివ్వాలనీ, అదే రోజున పేరు పెట్టాలనీ అనుకున్నాం. అంతవరకు అందరిదీ ఒకే మాట. పేరు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎవరి మాట వారిదే.

మా కోడలుపిల్ల మూడు షరతులు పెట్టింది. పేరు మూడు పలుకుల్లో ఉండాలి. క్లాసులో ఇంకొకరికి ఆ పేరు ఉండకూడదు. ఎవరైనా అర్థం అడిగితే తడుముకోకుండా చెప్పగలగాలి. "ఇన్ని షరతులెందుకమ్మా?" అన్నాను. "మామా, నేను చదివిన క్లాసులో నా పేరుగల పిల్లలం నలుగురం. టీచరు మమ్మల్ని పేరుతో పిలిచేదే కాదు, ఒకటో నంబరు, రెండో నంబరు అని పిలిచేది. పదేళ్ళు నేను మూడో నంబరుగానే ఉన్నాను" అన్నది. నేను ముప్పై ఏళ్ళకు పైగా బడిలో చరిత్ర పాఠం చెప్పినవాణ్ణి, నా నోరు మూతపడింది. నేను చేసినదీ అదేగదా!

మా బడి హాజరుపట్టీ నాకిప్పటికీ కంఠతా వచ్చు. ఒక్కొక్క తరగతిలో ముగ్గురు నలుగురు మస్తాన్లు ఉండేవారు. పెద్ద మస్తాను, చిన్న మస్తాను, కొలిమి మస్తాను, రైలుగేటు మస్తాను. ఇక సుభానీలు, నాగూర్లు, ఖాజాలు, కరీముల్లాలు సరేసరి. ఇవి మనవాళ్ళు ఏ పుస్తకమో చూసి పెట్టిన పేర్లు కావు. పిల్లలు కలగాలనో, పుట్టిన పిల్ల దక్కాలనో దర్గాకు పోయి మొక్కుకున్నవారు తిరిగివస్తూ తెచ్చుకున్న పేర్లు. నెల్లూరు జిల్లా కాసుమూరు దర్గా మొక్కు వల్ల మస్తాన్‌వలీలు, మస్తానమ్మలు పుట్టారు. తమిళనాడులోని నాగూరు షాహుల్ హమీద్‌గారి దర్గా నుంచి నాగూర్, మీరా, షావలి అనే పేర్లు మన కోస్తా అంతటా పాకాయి. జాన్‌పహాడ్ సైదులు దర్గా చుట్టుపక్కల సైదులు అనే పేరు ముస్లిం ఇళ్ళలోనూ ఉంది, హిందువుల ఇళ్ళలోనూ ఉంది. దస్తగిరి, సుభానీ, జిలానీ అనే మూడు పేర్లూ బాగ్దాదు పీరు అబ్దుల్ ఖాదిర్ జిలానీగారివే. అజ్మీరు నుంచి ఖాజా వచ్చింది. తెలుగు నోటికి అనుకూలంగా చివర ఒక ఉకారమో అయ్యో అమ్మో తగిలించుకుని ఇవన్నీ మన పేర్లయిపోయాయి. నేను కూడా కాసుమూరు మొక్కుతో పుట్టినవాణ్ణే. నా పేరేమిటో మీరు ఊహించుకోవచ్చు.

కాబట్టి నా మనసులో ఉన్న పేరు జిలానీ. మూడు పలుకులే. వియ్యంకుడుగారు సులేమాన్ అన్నారు. అదీ మూడే. మా ఆవిడ ఇబ్రహీం అన్నది. కోడలు అన్నిటికీ తల ఊపి, "మంచి పేర్లే మామా, కాని రెండువైపులా లెక్కపెడితే జిలానీలు ముగ్గురు, సులేమాన్లు ఇద్దరు, ఇబ్రహీములు నలుగురు తేలారు" అన్నది. నిజమే.

రెండో రోజు రాత్రి మా అబ్బాయి నోరు విప్పాడు. ఆసుపత్రి కోఠి ప్రాంతంలో ఉంది. మందులకనీ, అన్నానికనీ వాడు రోజుకు నాలుగైదు సార్లు ఆ వీధుల్లో తిరిగాడు. తిరుగుతూ ఒక రోడ్డు పేరు చూశాడట.

"అబ్బా, తుర్రేబాజ్ అని పెడదాం" అన్నాడు.

గదిలో ఒక్క క్షణం నిశ్శబ్దం. ఆ తర్వాత మా వియ్యపురాలు ఫక్కున నవ్వింది. మా ఆవిడ నవ్వలేదు. "ఏమిట్రా, తుర్రుంఖానా? నా మనవణ్ణి బడిలో పిల్లలు ఆటపట్టించడానికా?" అని కోపంగా లేచి వెళ్ళిపోయింది.

తుర్రుంఖాన్ ఎవరు?

ఆమె కోపంలో న్యాయం లేకపోలేదు. "పెద్ద తుర్రుంఖాన్ లెక్క మాట్లాడుతున్నవ్", "నువ్వేమన్నా తుర్రుంఖాన్‌వా?" అనే మాటలు తెలంగాణలో అందరి నోటా వింటాం. మన కోస్తాలోనూ వినబడతాయి. గొప్పలు పోయేవాణ్ణి, లేని ధైర్యం చూపేవాణ్ణి అలా దెప్పుతారు. ఈ మాట తుర్రేబాజ్ ఖాన్ పేరు నుంచి వచ్చిందనే హైదరాబాదులో చెప్పుకుంటారు. నేనూ చిన్నప్పుడు ఎందరినో అలా దెప్పినవాణ్ణే. ఆయన ఎవరో తెలిసింది మాత్రం చాలా ఏళ్ళ తర్వాత, పాఠం చెప్పుకోవడానికి పుస్తకాలు తిరగేసినప్పుడు. ఆ రాత్రి నా కొడుక్కీ కోడలికీ చెప్పిన సంగతే ఇక్కడ వ్రాస్తున్నాను.

1857 మే 10న మీరట్‌లో సిపాయిలు తిరగబడ్డారు. ఆ వారంలోనే, మే 16న, హైదరాబాదులో నిజాం నాసిరుద్దౌలా మరణించాడు. ఆయన కుమారుడు అఫ్జలుద్దౌలా గద్దెనెక్కాడు. దివాను మొదటి సాలార్ జంగ్. ఆయన 1853 నుంచి ఆ పదవిలో ఉన్నాడు. ఆ 1853లోనే ఈస్టిండియా కంపెనీ తన సైన్యపు ఖర్చుల బాకీ కింద బీరారును, రాయచూరు దోఆబును, ధారాశివ్ ప్రాంతాన్ని నిజాం చేత తన అధీనంలో పెట్టించుకుంది. నగరంలో సామాన్యులకు ఆ మంట చల్లారలేదు. ఉత్తరాది కబుర్లు వచ్చేకొద్దీ మసీదు గోడల మీద ప్రకటనలు అంటించసాగారు.

జూన్ నెలలో ఔరంగాబాదులోని హైదరాబాద్ కంటింజెంటు అశ్విక దళంలో కలవరం పుట్టింది. తమ దేశస్థుల మీదికి, ఢిల్లీ బాదుషా మీదికి కత్తి ఎత్తబోమని కొందరు రౌతులు మొరాయించారు. కంపెనీవారు దాన్ని కఠినంగా అణచివేశారు. అక్కడి నుంచి తప్పించుకున్న జమేదార్ చీదా ఖాన్ కొద్దిమంది అనుచరులతో హైదరాబాదు చేరుకున్నాడు, నిజాం ఆశ్రయమిస్తాడనే ఆశతో. కాని దివాను వారిని పట్టించి కోఠిలోని బ్రిటిష్ రెసిడెన్సీకి అప్పగించాడు. ఆశ్రయం కోరి వచ్చినవాణ్ణి శత్రువు చేతికి ఇచ్చారన్న మాట నగరమంతా గుప్పుమన్నది.

జూలై 17 శుక్రవారం. మక్కా మసీదులో జుమా నమాజు ముగిసింది. ఖైదీలను విడిపించాలన్న కేక లేచింది. మౌల్వీ అలావుద్దీన్, తుర్రేబాజ్ ఖాన్ ముందు నిలిచారు. తుర్రేబాజ్ బేగంబజారు ప్రాంతపు మనిషి, రోహిల్లా, తండ్రి పేరు రుస్తుం ఖాన్. రోహిల్లాలంటే ఉత్తరాది నుంచి వచ్చి ఇక్కడ కొలువు చేసుకున్న పఠాను యోధులు. సుమారు అయిదు వందల మంది వారి వెంట నడిచారు. మూసీ దాటి సాయంత్రానికి రెసిడెన్సీ ముందుకు వచ్చారు. పడమటి గోడకు ఎదురుగా ఇద్దరు సాహుకార్ల మేడలుండేవి. వాటిని పట్టుకుని, అక్కడి నుంచి కాల్పులు మొదలుపెట్టారు. తోట ద్వారం ఒకటి పగలగొట్టారు.

లోపల రెసిడెంటు కల్నల్ డేవిడ్సన్ అప్పటికే సిద్ధంగా ఉన్నాడు. ఆయన దగ్గర ఫిరంగులున్నాయి, కవాతు నేర్చిన సైన్యముంది. వీరి దగ్గర ఉన్నవి నాటు తుపాకులు, కత్తులు. అయినా ఆ రాత్రంతా పోరు సాగింది. తెల్లవారుజామున నాలుగు గంటల వేళకు ఇక నిలవలేమని తేలిపోయి, మిగిలినవారు చీకట్లో తప్పుకున్నారు. చీదా ఖాన్‌ను విడిపించలేకపోయారు. యుద్ధంగా చూస్తే అది ఒక్క రాత్రి యుద్ధం, అదీ ఓడిపోయిన యుద్ధం.

తుర్రేబాజ్ కొద్ది రోజుల్లోనే దొరికిపోయాడు. విచారణలో మౌల్వీ ఆచూకీ చెప్పమని అడిగితే ఆయన నోట ఒక్క మాట రాలేదని చరిత్రకారులు వ్రాశారు. యావజ్జీవ ద్వీపాంతర శిక్ష వేశారు. కాని అండమాన్‌కు పంపేలోగానే, 1859 జనవరి 18న ఆయన బందిఖానా నుంచి తప్పించుకున్నాడు. పట్టిచ్చినవారికి అయిదు వేల రూపాయల బహుమానం ప్రకటించారు. ఆ రోజుల్లో అయిదు వేలంటే ఎంతో మీరే ఆలోచించండి. ఆరు రోజులకే, జనవరి 24న, ఇప్పటి మెదక్ జిల్లాలోని తూప్రాన్ దగ్గర అడవిలో ఆయన్ను చుట్టుముట్టి చంపారు. చంపించినవాడు కంపెనీ దొర కాదు, అక్కడి తాలూక్‌దార్ ఖుర్బాన్ అలీ బేగ్. శవాన్ని నగరానికి తెచ్చి, ఎవరూ మళ్ళీ ఇటువంటి తలంపు చెయ్యకుండా, నలుగురూ చూసేలా గొలుసులతో వేలాడదీశారు.

మౌల్వీ అలావుద్దీన్ కూడా తర్వాత పట్టుబడ్డారు. 1859లోనే ఆయన్ను అండమాన్‌కు పంపారు. ఇరవై ఏళ్ళకు పైగా అక్కడే గడిపి అక్కడే కన్నుమూశారు. ఆయన్ను సెల్యులార్ జైల్లో పెట్టారని కొందరు వ్రాస్తుంటారు, అది పొరపాటు. ఆ జైలు కట్టడం పూర్తయినది 1906లో. మౌల్వీగారి కాలానికి దానికి పునాది కూడా పడలేదు.

ఇక 1860లో ఏం జరిగిందో కూడా చెప్పుకోవాలి. కష్టకాలంలో అండగా ఉన్నందుకు కంపెనీ స్థానంలో వచ్చిన బ్రిటిష్ ప్రభుత్వం నిజాంకు రాయచూరు దోఆబును, ధారాశివ్‌ను తిరిగి ఇచ్చింది, షోరాపూర్‌ను అదనంగా ఇచ్చింది, యాభై లక్షల రూపాయల బాకీ కొట్టివేసింది. బీరారు మాత్రం ఇవ్వలేదు. సాలార్ జంగ్ రాజ్యాన్ని కాపాడిన దూరదర్శి అనేవారున్నారు. ఆయన లెక్క ఆయనకున్నది, దాన్ని నేను కాదనను. కాని దర్బారు లెక్కలో లాభం వచ్చిన తర్వాత, ఎదురు తిరిగినవాడి పేరు ఆ దర్బారులో ఎవరు గౌరవంగా తలుస్తారు? తలవకపోతే పేరు వీధిలో పడుతుంది. వీధిలో పడిన పేరుకు వెక్కిరింత తోడవుతుంది. మొదట్లో "వీడు తుర్రేబాజ్ అంతటివాడు" అని మెచ్చుకోలుగా అని ఉంటారు. ఆ తర్వాత "వీడో పెద్ద తుర్రుంఖాన్" అయింది.

పేరు మీద వచ్చిన అభ్యంతరాలు

ఈ కథంతా విన్న తర్వాత మా కోడలు, "మామా, పేరు నాకు నచ్చింది. మూడు పలుకులే గదా, తుర్, రే, బాజ్" అని వేళ్ళ మీద లెక్కపెట్టింది. కాని ఇంట్లో నలుగురు పెద్దలున్నప్పుడు ఇద్దరు పిల్లల ఇష్టంతో పని జరగదు గదా. మిగిలినవారి అభ్యంతరాలు ఒక్కొక్కటిగా వచ్చాయి.

మొదటిది అర్థం గురించి. మా వీధి మసీదు ఇమాంగారికి ఫోను చేశాము. తుర్రా అంటే తలపాగా మీద నిలబెట్టే కుచ్చు. పతంగ్‌బాజ్ అన్నప్పుడు చివర వచ్చే బాజ్ ఇక్కడిదీ. అంటే ఠీవిగా కుచ్చు తలపాగా పెట్టేవాడు అని అర్థం. బాజ్ అంటే డేగ అని కూడా ఉంది. ఇమాంగారు అంతా విని, "అల్లాహ్‌కు మిక్కిలి ఇష్టమైనవి అబ్దుల్లా, అబ్దుర్రహ్మాన్ అని హదీసులో ఉన్న మాట నిజం. కాని చెడ్డ అర్థం లేని పేరు, షిర్కు లేని పేరు ఏ భాషలోనైనా పెట్టుకోవచ్చు. జహంగీర్, సికందర్, ఖుర్షీద్ అరబ్బీ పేర్లా ఏమిటి?" అన్నారు. పనిలో పనిగా ఒక హదీసు కూడా గుర్తు చేశారు. హజన్ అనే ఒక పెద్దమనిషి ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం వారి దగ్గరికి వచ్చాడు. హజన్ అంటే కరకు నేల. ఆయన పేరును సహల్, అనగా మెత్తని నేల, అని మార్చుకోమని ప్రవక్తగారు సూచించారు. మా నాన్న పెట్టిన పేరు మార్చుకోనని ఆయన ఒప్పుకోలేదు. ఆ కరుకుదనం మా ఇంట్లో అలాగే ఉండిపోయిందని తర్వాత ఆయన మనవడు చెప్పుకున్నాడు. పేరు మనిషిని అంటిపెట్టుకుంటుందన్నది అందులోని హెచ్చరిక.

రెండో అభ్యంతరం వియ్యంకుడుగారిది. "బావగారూ, చచ్చిపోయిన తీరు బాగాలేదండీ. శవాన్ని గొలుసులతో వేలాడదీసిన మనిషి పేరు పసిబిడ్డకు ఎందుకు?" అన్నారు. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. మర్నాడు ఫజర్ నమాజు తర్వాత నాకు తోచింది. "బావగారూ, మన ఊళ్ళలో హుస్సేన్ అనే పేరు లేని వీధి ఉందా? 680లో కర్బలాలో ఆయన ఎలా అమరులయ్యారో మనకు తెలియదా? పోయిన తీరు చూసి పేరు పెట్టుకోవడం మానేస్తే, ఆ పేరు మన ఇళ్ళలో ఏనాడో మాసిపోయేది" అన్నాను. ఆయన చాలాసేపు తస్బీ తిప్పుతూ కూర్చుని, "ఆ మాట నిజమే" అన్నారు.

మూడో అభ్యంతరం నాది. మాది కృష్ణ ఒడ్డు ఊరు. మేము షేకులం. ఆయన రోహిల్లా పఠాను. పేరు చివర ఖాన్ మేము పెట్టుకోలేము. మన వంశం కాని మనిషి పేరు మనకెందుకని నాకు లోపల ఒక మూల అనిపించింది. కాని కాసుమూరులో ఉన్న మస్తాన్‌వలీగారు మా వంశమా? నాగూరు షాహుల్ హమీద్‌గారు మా వంశమా? వారి పేర్లు మా ఇంట్లో మూడు తరాలుగా పిలుచుకుంటున్నాం. నా అభ్యంతరానికి నా పేరే జవాబు చెప్పింది.

నాలుగోది మా ఆవిడది. అదే గట్టిది. "మీరెన్ని చెప్పినా పిల్లలు వెక్కిరిస్తారా, వెక్కిరించరా?" అన్నది. వెక్కిరిస్తారు. దానికి నా దగ్గర జవాబు లేకపోయింది.

కోఠి స్తంభం దగ్గర

ఆరో రోజు మధ్యాహ్నం నేను, మా ఆవిడ, వియ్యంకుడుగారు ఆటోలో కోఠి వెళ్ళాము. ఆయన పేరిట అక్కడ ఒక స్మారక స్తంభం ఉంది. ఒకప్పటి రెసిడెన్సీ దానికి దగ్గరలోనే. 1949 నుంచి అది ఆడపిల్లల కళాశాల, ఇటీవల మహిళా విశ్వవిద్యాలయం అయింది. ఆయన ఏ గోడ మీదికి గుండ్లు కురిపించాడో, ఆ గోడ లోపల ఇవాళ మన పిల్లలు చదువుకుంటున్నారు. ఆ సంగతి మా ఆవిడకు చూపించాలనుకున్నాను.

అక్కడ ఏముంది? బస్సులు, ఆటోలు, తోపుడుబండ్లు, పాత పుస్తకాలవాళ్ళు, జనం. స్తంభం పక్క నుంచి వందలమంది పోతున్నారు. తల తిప్పి చూసినవాడు ఒక్కడు లేడు. మా ఆవిడ దాని ముందు చాలాసేపు నిలబడింది. పక్కనే అరటిపళ్ళ బండి పెట్టుకున్న కుర్రాణ్ణి, "ఇది ఎవరిది బాబూ?" అని అడిగింది. "తెల్వదమ్మా, ఎప్పటిసంది ఉందో" అన్నాడు. అతని బండి కోసం ఇంకొకడు తగాదాకు దిగాడు. ఈ కుర్రాడు వెంటనే, "ఏందిరా, పెద్ద తుర్రుంఖాన్‌వా?" అని అరిచాడు. ఆ మాట అన్నది సరిగ్గా ఆ మనిషి పేరు చెక్కిన రాయి పక్కన నిలబడి!

మా ఆవిడ నా వంక చూసింది. వియ్యంకుడుగారు తల వంచుకున్నారు. తిరుగుదారిలో ఆటోలో ఎవరమూ మాట్లాడలేదు. ఇల్లు చేరే ముందు ఆమె మెల్లగా, "ఏమండీ, పాపం ఆ మనిషిని ప్రేమగా పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఒక్క ఇంట్లోనూ లేరు గదండీ" అన్నది. ఆ మాటతో మా ఇంటి పంచాయితీ తీరిపోయింది.

కాని ఆమె కూడా ఒక షరతు పెట్టింది. పిల్లవాడు బడిలో ఆ వెక్కిరింత వినకముందే, ఇంట్లో ఆ కథ వినాలి. అదీ ఒకసారి కాదు, వాడు మళ్ళీ తనే చెప్పగలిగేదాకా. చెప్పే బాధ్యత దాదాది, అనగా నాది.

ఆలోచించిన కొద్దీ నాకు ఆమె షరతులో ఉన్న వివేకం తెలిసివచ్చింది. మన తెలుగునాట "అబ్బో, పెద్ద భీముడు బయల్దేరాడు" అని కూడా దెప్పుతారు గదా. దాని వల్ల భీముడి గౌరవం ఏమన్నా తగ్గిందా? తగ్గలేదు. ఎందుకంటే భీముడెవరో, ఏం చేశాడో పసిపిల్లవాడికి కూడా తెలుసు. తుర్రేబాజ్ విషయంలో కథ పోయింది, వెక్కిరింత ఒక్కటే మిగిలింది. కథ తిరిగి వస్తే వెక్కిరింత దానంతటదే పలచబడుతుంది. మా మనవడు ఒక్కడి వల్ల అది జరుగుతుందని నేననను. వాడి క్లాసులో నలభైమంది పిల్లలకు మాత్రం తెలుస్తుందని ఆశ.

ఏడో రోజున అఖీఖా జరిగింది. వెంట్రుకల ఎత్తు వెండి ఖరీదు దానమిచ్చాము. ఇమాంగారు దుఆ చేసి పేరు ప్రకటించారు. ఇప్పుడు మా ఆవిడే వాణ్ణి అందరికంటే ఎక్కువగా పిలుస్తున్నది. మూడు పలుకుల పేరులో ఉన్న సౌకర్యమేమిటంటే, పడకగదిలో నుంచి పిలిచినా వీధి గుమ్మం దాకా స్పష్టంగా వినబడుతుంది.

చివరగా రెండు మనవులు

ఈ వ్యవహారంలో నేను నేర్చుకున్నవి సంఘ సభ్యులకు, ముఖ్యంగా కొత్తగా తల్లిదండ్రులైనవారికి మనవి చేసుకుంటున్నాను.

మొదటిది కాగితాల సంగతి. అరుదైన పేరు పెట్టేవారు ఇంగ్లీషులో దాన్ని ఏ అక్షరాలతో వ్రాయాలో ముందే ఒకచోట వ్రాసి పెట్టుకోవాలి. తుర్రేబాజ్ ఖాన్ పేరునే ఆనాటి ఇంగ్లీషు కాగితాల్లో తలా ఒక తీరుగా వ్రాశారు. ఒక మనిషినే ఇద్దరనుకునేలా ఉంటుంది. మా తరం వాళ్ళ పేర్లు బడి సర్టిఫికెట్టులో ఒక రకంగా, పింఛను కాగితాల్లో ఒక రకంగా పడి ఎంతమంది ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరిగారో మీకు తెలియనిది కాదు. పేరు ఇంకా తేలకపోతే తొందరపడనక్కరలేదు. పేరు లేకుండానే పుట్టుక నమోదు చేయించి, ఏడాదిలోపు రుసుము లేకుండా పేరు చేర్పించుకోవచ్చు. ఆలస్యమైతే రుసుము కట్టి పదిహేనేళ్ళ లోపు చేర్పించుకునే వీలుంది. ఆ వీలు ఉందిగదా అని పదిహేనేళ్ళూ ఆగవద్దని వేరే చెప్పాలా?

రెండోది నా మనసుకు దగ్గరి సంగతి. మీ పిల్లలకు ఏ పేరైనా పెట్టండి. కొత్త పేరైనా సరే, మస్తానైనా సరే. మస్తాన్, సైదులు, నాగూర్ అనే పేర్లు మోటుగా ఉన్నాయని మన పిల్లలు సిగ్గుపడి దాచుకోవడం నేను కళ్ళారా చూశాను. ఆ పేరు ఎక్కడి నుంచి వచ్చిందో, ఏ అవ్వ ఏ బాధలో ఏ దర్గా మెట్ల మీద కూర్చుని కోరుకున్నదో వాడికి ఎవరూ చెప్పలేదు, అందుకే సిగ్గుపడ్డాడు. తెలియకపోవడం వల్ల కోఠిలో రాయి పక్కన నిలబడి ఆ కుర్రాడు చేసినదీ, మన ఇంట్లో మన పిల్లవాడు చేస్తున్నదీ ఒకటే. కాబట్టి ఒక నోటుబుక్కు తీసుకుని ఇంట్లో ప్రతివారి పేరు వ్రాసి, పక్కన అది ఎందుకు పెట్టారో నాలుగు వాక్యాలు వ్రాయించండి. పెద్దలు బతికి ఉండగానే అడిగి వ్రాయించండి. మన సంఘం వచ్చే సంచికలో అటువంటివి పది పేర్లు అచ్చువేసినా నేను సంతోషిస్తాను.

మా నోటుబుక్కులో మొదటి పేజీ మా మనవడిది. రెండో పేజీ నాది. మా అమ్మ కాసుమూరుకు ఎందుకు వెళ్ళిందో నేను ఆమెను ఏనాడూ అడగలేదు. ఇప్పుడు అడుగుదామంటే ఆమె లేదు. ఆ పేజీలో సగం ఖాళీగానే ఉంది.

మీ పిల్లల పేజీలు అలా ఖాళీగా ఉండకూడదని దుఆ చేస్తూ సెలవు తీసుకుంటున్నాను.